నామ్‌దఫా అడవిలో ఒంటరి నడక: జలగలను ఆపుతూ నీటిని వదిలేసే బూట్లు, సాక్సులు ఏవి?

అరుణాచల్ ప్రదేశ్‌లో 1985 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన నామ్‌దఫా జాతీయ వనంలో, ఈ నవంబరులో నేను ఒక్కదాన్నే స్థానిక గైడును వెంటబెట్టుకుని, దెబాన్ దగ్గర నొవా దిహింగ్ నది దాటి లోపలి శిబిరాల దాకా నడవాలనుకుంటున్నాను. బయటి రాష్ట్రాల వాళ్లు అరుణాచల్‌లోకి వెళ్లేందుకు కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ విషయంలో ఇబ్బంది లేదు, సమస్యంతా పాదాలదే.

సాధన కోసం వానాకాలంలో కర్ణాటకలోని ఆగుంబె చుట్టుపక్కల నడిచినప్పుడు, వాటర్‌ప్రూఫ్ బూట్లలోకి పైనుంచి చేరిన వాగు నీరు బయటికి పోయే దారి లేక, నాలుగు గంటలకల్లా అరికాళ్లు తెల్లగా ముడతలు పడి, సాయంత్రానికి వేళ్ల సందుల్లో చర్మం చిట్లి మండింది. వాజెలిన్ పూసుకున్నాను, మధ్యాహ్నం ఉన్ని సాక్సులు మార్చాను, రాత్రి కాళ్లు తుడిచి పౌడరు చల్లి ఆరనిచ్చాను. అయినా మర్నాడు మొదటి వాగు దాటగానే మంట తిరగబెట్టింది. నీరు కారిపోయే మెష్ బూట్లలో చర్మం బాగానే ఉంది కానీ, లేసు రంధ్రాల్లోంచి జలగలు దూరాయి. మోకాలి దాకా ఉండే దళసరి జలగ సాక్సులు వాటిని ఆపాయి గానీ, ఆ గుడ్డ నీటిని పీల్చుకుని పాదాన్ని మళ్లీ నానబెట్టింది. ఉప్పు, పొగాకు నీళ్లు వాగులోనే కొట్టుకుపోయాయి.

జలగ లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కనుక, నానిన చర్మం మీద కాట్లు చీము పడతాయేమోనన్నదే నా అసలు భయం. బరువంతా నేనే మోయాలి కాబట్టి రెండో జత బూట్లు కుదరవు.

రోజూ వాగులు దాటాల్సిన ఇలాంటి అడవుల్లో ఒంటరిగా నడిచిన స్త్రీలెవరైనా, ఏ రకం బూట్లు, ఏ సాక్సులు కలిపి వేసుకుంటే ఈ రెండు బాధలూ తప్పాయో దయచేసి చెప్పగలరా?