చందా తక్కువిచ్చామని అమ్మవారి ఘటం మా గుమ్మం దాటించేశారు. మీ ఊళ్లలో ఎలా ఉంది?

వంశధార_గట్టు
మాది ఆమదాలవలస దగ్గర పల్లె. ఆరేళ్లకోసారి అమ్మవారి సంబరం. ఈసారి ఇంటికి 6 వేలు, బయట ఉద్యోగం చేసేవాళ్లున్న ఇంటికైతే 15 వేలు అని పెద్దలు రాసేశారు. నా ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ. అమ్మ 6 వేలు పట్టుకెళ్లి ఇస్తే తీసుకున్నారు, మిగతాది బాకీ అని రాసుకున్నారు.

ఘటం తిరిగిన రోజు ప్రతి గుమ్మం ముందూ ఆగింది. మా ఇంటి దగ్గరికొచ్చేసరికి డప్పుల వాళ్లకి ఎవరో సైగ చేశారు, నడక పెంచారు. అమ్మ పసుపునీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఘటం ఎత్తుకున్నావిడ అమ్మకి వరసకి వదిన. తల తిప్పలేదు. ఆ నీళ్లు పారబోయడానికి కూడా అమ్మకి మనసొప్పలేదు, చెంబు రాత్రి దాకా అరుగు మీదే ఉంది.

లెక్క అడిగితే చెప్పట్లేదు. స్టేజీ డాన్సులకి లక్షా 80 వేలు, తప్పెటగుళ్లకి 8 వేలు అని మాత్రం బయటికొచ్చింది. లెక్క చూపించమని అడిగే హక్కు మనకి ఉందా? ఇలా ఒక ఇంటిని వేరు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మూడు_లాంతర్లు
మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను చూడ్డానికి లక్షల మంది వస్తారు. దసరా తర్వాత మంగళవారం, పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. జనం అరటిపళ్లు విసురుతారు. నీ దగ్గర పండుందా లేదా అని ఎవడూ అడగడు. మీది అమ్మవారి సమస్య కాదు తమ్ముడూ, మీ ఊరి పెద్దల సమస్య.

నాగావళి_అప్ప
అదేదో తేలిగ్గా అనేశారు. మా ఆయన పోయి నాలుగేళ్లు. కిందటేడు పండగకి చందా నా దగ్గర పూర్తిగా వసూలు చేశారు, రసీదు నా పేరు మీదే రాశారు. ముర్రాటలు (అమ్మవారికి మొక్కుగా తీసుకెళ్లే పసుపునీళ్ల కుండలు) ఎత్తుకుందామని వేపాకులు కోసి, కొత్త కుండకి పసుపు రాసి పెట్టుకుంటే, "నువ్వు వద్దులే, వెనకాల నడువు" అన్నారు. డబ్బుకి లేని మైల నా కుండకి ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పండి.

రిటైర్డ్_26ఏళ్లు
దేవాదాయ శాఖలో 26 ఏళ్లు చేశాను కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ చాలామందికి చట్టం తెలియదు. గుళ్ల పాలన మీద వేసిన జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ తర్వాత 1987లో దేవాదాయ చట్టం, 30వ నంబరుది, వచ్చింది. ఆదాయాన్ని బట్టి గుళ్లు 6(ఎ), 6(బి), 6(సి). అర్చకుల వంశపారంపర్య హక్కు తీసేయడం సరైనదేనని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. తర్వాత 2007 సవరణ...

జీడితోట
గురువుగారూ, వాళ్ల ఊళ్లో ఉన్నది వేపచెట్టు కింద రాయి. దానికి 6(సి) కూడా లేదు. 2025 నవంబర్ 1న మా కాశీబుగ్గలో ఏకాదశి నాడు తొక్కిసలాట జరిగినప్పుడు కూడా ఇదే విన్నాం: ప్రైవేటు గుడి, శాఖ కిందికి రాదు. మీ 26 ఏళ్ల అనుభవం ఆ చెంబు పట్టుకున్న తల్లికి ఏం పనికొస్తుందో ఒక్క ముక్కలో చెప్పండి.

రిటైర్డ్_26ఏళ్లు
మర్యాదగా మాట్లాడండి. చట్టం తెలియకుండా ఆవేశపడితే పనులు జరగవు.

సాలూరు_కోడలు
ఒక్క గుళ్ల గురించే ఎందుకు? మా అత్తగారు వెళ్లే ప్రార్థన మందిరంలో దశమభాగం ఇచ్చినవాళ్ల పేర్లు ఆదివారం మైకులో చదువుతారు. చదవని పేర్లు ఎవరివో అందరికీ తెలుస్తాయి కదా. ఉపాధి పని కూలిలో పదోవంతు పక్కన పెట్టి, ఆవిడ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. అడిగితే బైబిల్లో మలాకీ మూడో అధ్యాయం తీసి నాకే చూపిస్తారు.

జైభవానీ_చీపురుపల్లి
చూశారా, అసలు రోగం అక్కడుంది. మన చందా కనీసం ఊళ్లోనే ఖర్చవుతుంది.

సాలూరు_కోడలు
అందుకా మా బాధ మీకు సంతోషంగా ఉంది? నేను మా అత్తగారి మాత్రల గురించి రాశాను, మీకు మార్కులు వేయమని కాదు.

గజ్జెల_మావ
తప్పెటగుళ్లకి 8 వేలు అన్నారు కదా. అది మా దళమే అయ్యుండొచ్చు, కాకపోయినా ఒకటే. 16 మందిమి. ఆ లెక్కన తలకి 500. రాత్రి పది నుంచి తెల్లారగట్ల దాకా రొమ్ము మీద రేకు తప్పెట వాయిస్తూ గెంతాలి. మర్నాడు గజ్జెలు ఒరుసుకున్న చోట కాళ్లు కాలినట్టు ఉంటాయి. భోజనాలు డాన్సు పార్టీకి స్కూలు గదిలో పెట్టారు, మమ్మల్ని "మిగిలితే చూద్దాం" అన్నారు. మిగల్లేదు.

యూత్_కమిటీ
మావా, ఉన్నమాట చెబితే కోపం వద్దు. డాన్సులు లేకపోతే కుర్రాళ్లు రారు, చందా లేవదు. మీ పాట మొదలెట్టగానే ముందు వరస ఖాళీ.

గజ్జెల_మావ
ముందు వరస ఖాళీ ఎందుకయింది? మాకు మైకు ఇవ్వలేదు గనక. మా తాత ఆడినప్పుడు మైకే లేదు, ఊరంతా కూర్చుంది.

యూత్_కమిటీ
మీ తాతల కాలంలో ఫోన్లు లేవు. 16 మందికి 8 వేలు ఎక్కువే, అందులో సగం మంది పక్కన కూర్చుని బీడీలు తాగుతారు.

గజ్జెల_మావ
మా దళంలో బీడీ తాగేవాడిని ఒక్కడిని చూపించు. నువ్వు పదినిమిషాలు తప్పెట కట్టుకుని గెంతు, లక్షా 80 వేలు నేనే ఇస్తాను.

(ఇక్కడ కులం పేరెత్తిన రెండు పోస్టులు తీసేశాను. ఇంకోసారైతే చర్చ మూసేస్తాను. – నిర్వాహకుడు)

జీడితోట
వెలి సంగతికొస్తే, మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద ఏకంగా చట్టమే చేసుకుంది. అంతకుముందు బొంబాయి రాష్ట్రం 1949లో మత వెలి మీద చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో కొట్టేసింది. మనకి? పోలీస్ స్టేషన్‌కి వెళ్తే "ఘటం ఆగలేదని కేసా?" అని నవ్వుతారు. బెదిరించి వసూలు చేశారని రాసిస్తేనే వింటారు.

వంశధార_గట్టు
నేను అడిగింది రెండు మాటలు. డాన్సులు, మలాకీ, సెక్షన్లు అన్నీ వచ్చాయి. బాకీ 9 వేలు కట్టేయమని మా చిన్నాన్న పొద్దున కూడా ఫోన్ చేశాడు. పోలీసులంటే అమ్మ ఒప్పుకోదు, రేపు కళ్లాలకి దారి ఇవ్వరేమోనని భయం.

మూడు_లాంతర్లు
ఇందాక తేలిగ్గా మాట్లాడాను, ఏమీ అనుకోకు. మా అత్తవారి ఊళ్లో లెక్క ఎలా తెప్పించామో చెబుతాను. కమిటీని అడగలేదు. టెంటు, సౌండు, లైటింగు, డాన్సు పార్టీ వాళ్లని విడివిడిగా ఎంత ముట్టిందని అడిగి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాం. రెండో రోజుకి కమిటీ వాళ్ల పుస్తకం బయటికొచ్చింది. 40 వేల తేడా. తిరిగి ఇవ్వలేదనుకో, కానీ ఆ తర్వాత ఎవరినీ బాకీ అడగలేదు. నీ చేతిలో 8 వేల లెక్క ఇప్పటికే ఉంది, మావని అడుగు.

గజ్జెల_మావ
8 వేలు కాదు. చేతికిచ్చింది 6,500. సంతకం 8కి పెట్టించుకున్నారు.

యూత్_కమిటీ
ఏ ఊరో చెప్పకుండా ఇలాంటివి రాయకండి.

నాగావళి_అప్ప
ఊరు చెబితే మాత్రం ఇస్తారా ఆ 1,500?

జైభవానీ_చీపురుపల్లి
మావగారూ, మే నెలలో మా తమ్ముడి పెళ్లి. ఊరేగింపుకి మీ దళం వస్తుందా? చివరి రేటు చెప్పండి.

గజ్జెల_మావ
రేటు తర్వాత. భోజనం ముందు పెడతారా, మిగిలితే పెడతారా?