పార్క్ చేసిన కారును ట్యాంకర్ గుద్దింది: క్లెయిమ్ వేయాలా, ఇచ్చిన 5 వేలు తీసుకోవాలా?

నిజాంపేట వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నిన్న పొద్దున ఆరున్నరకు పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే మా గేటు పక్కన పెట్టిన కారు వెనక ఎడమ వైపంతా లోపలికి పోయి ఉంది. టెయిల్ ల్యాంప్ ముక్కలు రోడ్డు మీద, బంపర్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, తెల్ల బంపర్ మీద చారలుగా ఆకుపచ్చ పెయింట్. అక్కడినుంచి సందు చివరి దాకా రోడ్డు మీద నీళ్ల చార ఉంది, అది చూడగానే వాటర్ ట్యాంకర్ అని అర్థమైంది. ఎదురు కిరాణా కొట్టు సీసీ కెమెరాలో రివర్స్ తీస్తూ గుద్దినట్టు, నంబర్‌తో సహా కనపడుతోంది. డ్రైవర్ దిగి చూసి మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

సాయంత్రానికి ట్యాంకర్ ఓనర్ దొరికాడు. 5 వేలు ఇస్తా, ఇంతటితో వదిలేయండి అంటున్నాడు. షోరూమ్ వాళ్ల ఎస్టిమేట్ 30,200. కారు కొని నాలుగో ఏడు నడుస్తోంది, 1,200 సీసీ, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కానీ జీరో డెప్ (పార్టుల తరుగు కోయకుండా ఇచ్చే కవర్) లేదు, ఇప్పటిదాకా ఒక్క క్లెయిమూ వేయలేదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం. కారు అపార్ట్‌మెంట్ లోపల కాకుండా రోడ్డు మీద ఉంది కాబట్టి రిజెక్ట్ చేస్తారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

పాత గ్యారేజీ

ముందు ఆ టెన్షన్ తీసేయండి. బండి రోడ్డు మీద ఆగి ఉందన్న ఒక్క కారణంతో ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ (మన కారు నష్టానికి మన కంపెనీ దగ్గరే వేసేది) కొట్టేయరు. ఫామ్‌లో డ్రైవర్ వివరాలు అడుగుతారు, కారు అక్కడ పెట్టింది ఎవరో వాళ్ల లైసెన్స్ ఇవ్వండి.

నేను ఇరవై ఏళ్లు టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపాను, సర్వేయర్లతో (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చి నష్టం చూసి లెక్కగట్టేవాళ్లు) రోజూ పని ఉండేది, అందుకే గట్టిగా చెప్తున్నాను: సర్వే అయ్యే దాకా కారు మీద చెయ్యి పడనీయకండి. కడగొద్దు. ఆ ఆకుపచ్చ పెయింటే మీ సాక్ష్యం. దగ్గర నుంచి, దూరం నుంచి, నంబర్ ప్లేట్ కనపడేలా ఫోటోలు తీసి, ఈరోజే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. ఆ వీడియోను కిరాణా కొట్టాయన దగ్గర ఇప్పుడే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, రికార్డర్ నిండితే పాతవి చెరిగిపోతాయి, తర్వాత ఆయన్ని ఎంత బతిమాలినా లాభం ఉండదు. ఎంపరివాహన్ యాప్‌లో ట్యాంకర్ నంబర్ కొడితే దానికి ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది, అది కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

స్టేషన్‌లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంత చిన్న డ్యామేజ్‌కి చాలాసార్లు ఎఫ్ఐఆర్ అడగరు గానీ, అవతలివాడు రేపు మాట మారిస్తే ఆ కాగితమే మిమ్మల్ని నిలబెడుతుంది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ఇతరుల ఆస్తికి నష్టం చేసిన డ్రైవర్ 24 గంటల్లోపు పోలీసులకు తెలపాలి, ఆ మాట ఓనర్‌కి కూడా చెప్పండి.

లెక్కల మాస్టారు

డబ్బు సంగతి నేను చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

ముందు కంపెనీ ఎంత కోస్తుందో చూద్దాం. ప్లాస్టిక్ పార్టులకు 50 శాతం తరుగు తీస్తారు, కాబట్టి బంపర్ 7,200 అయితే 3,600, టెయిల్ ల్యాంప్ 5,000 అయితే 2,500 మీవే. పెయింటింగ్ బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 12,000కి 1,500. సొట్ట తీసే కూలీ 6,000 మీద తరుగు ఉండదు. 1,500 సీసీ లోపు కారుకు కంపల్సరీ డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో ఎలాగూ మీరే భరించాల్సింది, 1,000. మొత్తం 8,600 మీ జేబులోంచి, 21,600 కంపెనీది. మీ ఎస్టిమేట్‌లో ఏ లైన్ ఎంతో నాకు తెలియదు, నేను ఒక అంచనా వేసుకున్నాను, మీ కాగితంలోని అంకెలు పెట్టుకోండి.

ఇప్పుడు బోనస్. అది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది) మీద ఉండదు. ఆ ప్రీమియం బోనస్‌కి ముందు 9,000 అనుకుందాం. క్లెయిమ్ వేయకపోతే వచ్చే ఏడు 45 శాతం, ఆ తర్వాత 50 దగ్గర ఆగుతుంది. వేస్తే సున్నాకి పడి, మళ్లీ 20, 25, 35, 45 ఇలా ఎక్కుతుంది. ఏటేటా తేడా 4,050, 2,700, 2,250, 1,350, 450. ఐదేళ్లకు కలిపి 10,800, జీఎస్టీ వేరే. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే పోతుంది.

అంటే క్లెయిమ్ వేస్తే మీకు పడేది 8,600 ప్లస్ 10,800, మొత్తం 19,400. ఓనర్ 5 వేలు తీసుకుని ఊరుకుంటే పడేది 25,200. అతను 11 వేలు దాటి ఇస్తేనే క్లెయిమ్ లేకుండా సర్దుకోవడం లాభం. బేరం ఆ అంకె దగ్గర మొదలుపెట్టండి, మొహమాటపడకండి. తప్పు మీది కాదు కదా.

నిజాంపేట వాసి

మాస్టారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థ్యాంక్స్. ఇంకో మాట. సర్వీస్ సెంటర్ అబ్బాయి "సార్, ట్యాంకర్ గొడవంతా ఎందుకు, మీరే రివర్స్‌లో పిల్లర్‌కి కొట్టానని రాసేయండి, తొందరగా పాస్ అవుతుంది" అంటున్నాడు. అలా రాయొచ్చా?

పాత గ్యారేజీ

వద్దు. దయచేసి వద్దు. పిల్లర్‌కి కొడితే బంపర్ మీద ఆకుపచ్చ పెయింట్ ఎక్కడిది అని సర్వేయర్ ఒక్క ప్రశ్న అడిగితే ఏం చెప్తారు? అబద్ధం రాశారని తేలితే క్లెయిమ్ మొత్తం పోతుంది, సంతకం మీది, ఆ అబ్బాయిది కాదు. పైగా మీరే గుద్దుకున్నానని రాసిచ్చాక ట్యాంకర్ ఓనర్‌ని పైసా అడిగే హక్కు ఎక్కడుంటుంది? ఆగి ఉన్న కారును వేరే బండి గుద్దింది, ఇదిగో వీడియో, అని జరిగింది జరిగినట్టు రాయండి.

బెజవాడ అమ్మాయి

రిపేర్ ముందు చేయించొద్దు అన్న మాట నా అనుభవంతో చెప్తున్నాను. మా నాన్నగారి కారును బందరు రోడ్డులో ఎవరో గుద్దిపోతే, పెళ్లి పనుల హడావిడిలో ముందు బాగు చేయించేసి తర్వాత 14 వేల బిల్లు పెట్టాం. డ్యామేజ్ మేం చూడలేదు కదా, ఇవ్వం అన్నారు. ఎంత తిరిగినా రాలేదు. నాన్నగారు ఇప్పటికీ ఆ బిల్లు ఫైల్‌లో దాచుకున్నారు, చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

కోర్టు పక్క వీధి

ట్యాంకర్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీదికి కూడా వెళ్లొచ్చు, అప్పుడు మీ బోనస్ పోదు. కాకపోతే అది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో వేయాలి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేయాలి. 30 వేల కోసం వాయిదాలకు తిరగాలంటే మీ ఓపిక. ఓనర్‌తో సర్దుబాటు అయితే డబ్బు ఖాతాలో పడ్డాకే "ఇక క్లెయిమ్ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టండి. అతని దగ్గర తీసుకున్న డబ్బును దాచి అదే నష్టానికి కంపెనీ దగ్గర మళ్లీ తీసుకోవడం మాత్రం వద్దు.

మీ కంపెనీ అన్యాయంగా రిజెక్ట్ చేస్తే ముందు వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కి (ఫిర్యాదుల విభాగం) రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణ రెండూ అక్కడికే వస్తాయి.

నిజాంపేట వాసి

అప్‌డేట్. స్టేషన్ రసీదు, వీడియో చూపించాక ఓనర్ 8 వేల దాకా వచ్చాడు, అక్కడినుంచి కదల్లేదు. నా కాగితంలోని అంకెలతో లెక్క వేసుకుంటే అతను 10,500 దాటి ఇస్తేనే నాకు లాభమని తేలింది, అందుకే వద్దన్నాను. నిన్న రాత్రి క్లెయిమ్ రిజిస్టర్ చేశాను, ట్యాంకర్ నంబర్‌తో సహా జరిగినదంతా రాశాను. సర్వేయర్ రేపు పదకొండింటికి వస్తానన్నాడు. బంపర్ కింద పడకుండా తాడుతో కట్టాను, ఆ పచ్చ పెయింట్ చెరిగిపోకుండా మా ఆవిడ పైన కవర్ కప్పి ఉంచింది.