ఏటి నడగవమ్మ ఏటి భాష: ఒక ఆటవెలది మీద చర్చ

మన పద్యాల గుంపులో (ఇక్కడ ఎవరినైనా ఊరి పేరుతోనే పిలుస్తాం) ఒడిశా గుణుపురం చెల్లి మొన్న పెట్టిన పద్యం కింద "భేష్", "అద్భుతం", "చప్పట్లు" వరసగా పడ్డాయి. చివర్న బరంపురం మాస్టారు "ఇది పద్యం కాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అప్పట్నుంచి చెల్లి పలకడం లేదు. పద్యాన్ని మళ్ళీ ఇక్కడ పెడుతున్నాను, తీరిగ్గా చూద్దాం.

వంశధార నీళ్ళు వంతెన దాటితే
ఏటినే అడగండి ఏటి భాషో
ఒడ్డు రెండు గాని ఒక్కటే నీరంట
నీరు మాటాడేది నేర్చుకోవాల

నా ఉద్దేశంలో భేష్ అన్నవాళ్ళూ, కాదన్న మాస్టారూ ఈ పద్యాన్ని ఒక్కలాగే చదివారు, అంటే చదవలేదు. ఇందులో రెండు పాదాలు నిఖార్సయిన ఆటవెలది, రెండు పాదాలు కావు. ఏవి అవునో ఏవి కావో చెప్పినవాడు మనలో ఒక్కడూ లేడు.

పొట్టి అక్షరం లఘువు, సాగే అక్షరం గురువు. గురువు తరవాత లఘువు వస్తే గలం, మూడూ లఘువులైతే నగణం, ఈ రెండే సూర్యగణాలు. ఆటవెలదిలో బేసి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదానికి అయిదూ సూర్యగణాలే. ఏ పాదంలోనైనా నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. ఇప్పుడు మొదటి పాదం విరవండి: వంశ, ధార, నీళ్ళు, మూడూ గలాలే. వంతెన భగణం (గురువు, రెండు లఘువులు), దాటితే రగణం (రెండు గురువుల మధ్య లఘువు), రెండూ ఇంద్రగణాలే. యతి వం-కి వం. మూడో పాదం: ఒడ్డు, రెండు, గాని, ఒక్కటే, నీరంట. రగణం తరువాత తగణం (రెండు గురువులు, లఘువు), యతి ఒ-కి ఒ. ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. ఎవరూ నేర్పకుండా చెవితో పట్టుకుని రాసిన పాదాలివి. "ఇది పద్యం కాదు" అనేసరికి ఈ రెండూ కూడా ఆ కానిదాంట్లోనే కలిసిపోయాయి. నా బాధ అదీ.

రెండో పాదం దగ్గర బండి ఆగింది. ఏటి, నేఅ వరకు బాగానే నడిచింది. తరవాత "డగం" వచ్చింది, లఘువు మీద గురువు. అది సూర్యగణం కాదు. చివర "భాషో" రెండూ గురువులే. నాలుగో పాదంలో రెండో గణంలోనే "మాటా" అని రెండు గురువులు పడ్డాయి.

తప్పు ఎక్కడుందో ఇంతటితో తేలింది. ఎందుకొచ్చిందో చూస్తే ఇంకా బాగుంటుంది. అక్షరాలు లెక్కపెట్టండి: పన్నెండు, పదకొండు, పన్నెండు, పదకొండు. అనుకోకుండా అలా రాదు. "విశ్వదాభిరామ వినురవేమ"లో అక్షరాలు పదకొండు. చెల్లి ఆ పాదాన్ని ముందు పెట్టుకుని అక్షరానికి అక్షరం పేర్చింది. చదివింది ఒడియా బడిలో. ఒడియా పద్యం నిజంగానే అక్షరాల లెక్క మీద నడుస్తుంది. జగన్నాథ దాసు భాగవతం నవాక్షరి, పాదానికి తొమ్మిది అక్షరాలు, ఊళ్ళో ముసలమ్మలకు కూడా నోటికొచ్చు. ఏది గురువు ఏది లఘువు అన్న పేచీ అక్కడ లేదు. కాబట్టి చెల్లి ఛందస్సు తెలియక రాయలేదు, తనకు తెలిసిన ఛందస్సులో తెలుగు రాసింది.

ఇంకో చిక్కు ఉంది, అది చెవిది. ఒడియాలో ఇ, ఈ రాతలో వేరు, పలుకులో ఒక్కటే. ఉ, ఊ కూడా అంతే. అకారాన్ని వాళ్ళు ఒకారానికి దగ్గరగా పలుకుతారు. అందుకని ఆకారం వాళ్ళకు సాగదీసిన అ కాదు, వేరే అచ్చు. ఏ ఒక్కటే, ఓ ఒక్కటే, మనలా ఎ-ఏ, ఒ-ఓ జంటలు లేవు. పోయిన నెల చెల్లే చెప్పింది, ఫోన్‌లో తెలుగును ఒడియా లిపిలో రాసుకుని తరవాత తెలుగులోకి మారుస్తానని. ఆ లిపిలో హ్రస్వం దీర్ఘం తేడా సగం రాలిపోతుంది. అలాంటి చేత్తో రెండు పాదాలు సరిగ్గా దిగాయంటే ఇంట్లో విన్న మాటే దింపింది.

చెల్లీ, నీకు గణాల పట్టిక కంఠస్థం అక్కర్లేదు. సరి పాదానికి ఒక అడ్డదారి చెబుతాను. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే, అయిదు గణాలకు పదిహేను. పొట్టి అక్షరానికి ఒకటి. దీర్ఘానికి రెండు, సున్న ఉన్నదానికి రెండు, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్నదానికి రెండు. వేమన పాదంలో పదిహేను మాత్రలు వస్తాయి. నీ నాలుగో పాదంలో పద్దెనిమిది. అక్షరాలు పక్కన పెట్టి, మూడేసి మాత్రల చొప్పున చేత్తో తాళం వేసుకుంటూ పాడు. అక్షరం తాళాన్ని దాటేసిన చోటే నీకు అడ్డం తగులుతుంది. అక్కడ మాట మార్చు. మేం మార్చం.

బరంపురం మాస్టారు:
పర్లాకిమిడి బాబు నన్ను బాగానే కడిగారు. సరే. నేను ఊరుకోలేదు, రాత్రి కూర్చుని దిద్దాను కూడా. ఇదిగో.

వంశధార నీరు వారధి దాటగా
ఏటి నడుగవోయి యేటి భాష
ఒడ్డు రెండు గాని యొక్కటే ప్రవహించు
నీరు పలుకు తీరు నేర్వవలయు

యతులు కుదిరాయి, యడాగమాలు (రెండు అచ్చుల మధ్య వచ్చే యకారాలు) పడ్డాయి. కానీ రెండో పాదంలో ఆ రెండో "ఏటి" నాకు మింగుడు పడడం లేదు. మొదటిది "ఏరు"కు ఔపవిభక్తికం (విభక్తి ముందు మారిన రూపం), సాధువు. రెండోది "ఏమిటి"కి మన ప్రాంతపు పొట్టి రూపం. మాటల్లో నేనూ అంటాను, "ఏటమ్మా సంగతి" అని. పద్యంలో గ్రామ్యం. ఉంచాలా, తీసెయ్యాలా?

ఇచ్ఛాపురం తమ్ముడు:
మాస్టారూ, గిడుగు రామమూర్తి గారు మేష్టరీ చేసిన పర్లాకిమిడి మనకి కూతవేటు దూరం. ఇక్కడ కూచుని "ఏటి" గ్రామ్యం అంటే ఆయన ఒప్పుకుంటారా? ఆ పద్యానికి ప్రాణమే ఆ మాట. ఏటిని ఏటి అని అడగడం! నేను భేష్ అన్నది దానికే. గణాలు నాకు రావు, నిజమే. నచ్చింది నచ్చింది అనడానికి గణాలు రావాలా ఏటి?

పర్లాకిమిడి (నేను):
తమ్ముడూ, నీకు ఆ రెండు ఏటిలూ నచ్చాయని ఇప్పుడు తెలిసింది. మొన్న "భేష్" అని ఊరుకున్నావు. ఇప్పుడు రాసిన ముక్క అప్పుడే రాసుంటే చెల్లికి తన పద్యంలో ఎక్కడ మెరుపుందో తెలిసేది. అది తెలిశాక గణం కోసం మాట మార్చినా దాన్ని మాత్రం వదులుకునేది కాదు.

గిడుగు వారిని మాత్రం ప్రతిదానికీ కర్రలా వాడొద్దు. ఆయన 1919లో "తెలుగు" పత్రిక పెట్టి పోట్లాడింది ముఖ్యంగా వచనం కోసం, బడి పుస్తకాల కోసం. పద్యం ఏ భాషలో రాయాలన్నది ఆయన ప్రధానమైన తగువు కాదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలోకి పోయినప్పుడు ఆయన ఊరొదిలి రాజమహేంద్రవరం వెళ్ళారు. ఈ చెల్లి పరిస్థితి దానికి తిరగేసినట్టుంది, ఊళ్ళోనే ఉండి తెలుగు బడి లేక ఒడియా బడిలో చదువుకుంది. ఆయన్ని తలుచుకోవాలంటే సవర మాట సవర గిరిజనుల నోట ఎలా వినిపిస్తే అలా రాసుకున్న ఆయన ఓపికని తలుచుకుందాం. ఈ సందర్భానికి అదే అతుకుతుంది.

మాస్టారూ, ఇక "ఏటి". మీరు గ్రామ్యం అన్నదాన్ని నేను కాదనను. కానీ ఈ పద్యంలో అడిగేదెవరు? వంతెన మీద నిలబడ్డ మనిషి. ఆ మనిషి "ఏమిటి" అనడు. మీ సవరణలో మాటలు నున్నగా ఉన్నాయి గాని వంతెన పోయి వారధి వచ్చింది, "నేర్చుకోవాల" పోయి "నేర్వవలయు" వచ్చింది. నిజానికి మొదటి పాదానికి దిద్దుబాటే అక్కర్లేదు. దాటితే రగణమే, దాటగా రగణమే. ఎందుకు మార్చినట్టు?

బరంపురం మాస్టారు:
అలవాటు బాబూ! పేనా చేతిలో ఉంటే గీస్తుంది.

అయితే ఇంకొకరి పద్యంలో చెయ్యి పెట్టడం మన సంప్రదాయంలో తప్పేం కాదు. తిరుపతి వేంకట కవులను చూడండి. ఒకరెత్తుకుంటే ఒకరు పూర్తిచేశారు. 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా జంటలో రెండోవారు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు జంట పేరు వదల్లేదు. అవధానంలో నిషిద్ధాక్షరి చెప్పేవాడు అడుగడుగునా అడ్డం పడతాడు, పడకపోతే అవధానికే సరదా ఉండదు. పొగిడి వదిలెయ్యడం కన్నా అడ్డం పడడమే మర్యాద అని నేర్చుకున్నవాణ్ణి నేను.

పర్లాకిమిడి (నేను):
మంచి మాట తెచ్చారు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు, అంటే అడిగేవాడు, "ఈ అక్షరం వద్దు" అంటాడు, అంతే. ఏ అక్షరం వెయ్యాలో చెప్పడు. అది అవధాని పని. మీరు ఇక్కడ రెండూ చేసేశారు.

కాశీనగరం అక్క:
నాదొక చిన్న సందేహం. "వోయి" అంటే మగవాణ్ణి పిలిచినట్టు కదా? రాసింది ఆడపిల్ల. ఎవర్ని పిలుస్తోంది? మన ఏటి రేవులో ఉండేది ఎక్కువ ఆడవాళ్ళమే మాస్టారూ, బట్టలుతికేది మేమే.

గుణుపురం చెల్లి:
అందరికీ నమస్కారం. నేను కోపంతో మానలేదు, సిగ్గేసింది. ఇంకెప్పుడూ పెట్టకూడదు అనుకున్నాను. పర్లాకిమిడి అన్నయ్య రాసింది చదివి రాత్రి మాత్రలు లెక్కేసుకుంటూ కూచున్నాను. అమ్మ వచ్చి "ఏటే, వేళ్ళు ఇరుసుకుంతన్నావు" అంది.

నాలుగో పాదం మీరు "నేర్వవలయు" పెట్టారు మాస్టారూ, బాగుంది గాని ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు. నాకు చదువుతుంటే వేరే వాళ్ళ పద్యంలా ఉంది. ఇలా మార్చాను, తప్పైతే చెప్పండి:

వంశధార నీళ్ళు వంతెన దాటితే
ఏటి నడగవమ్మ ఏటి భాష
ఒడ్డు రెండు గాని ఒక్కటే నీరంట
నీరు నేర్పినట్టె నేర్చుకోవె

"అడగవమ్మ" అని నేను అన్నది మా చెల్లితో. కాశీనగరం అక్క చెప్పినట్టు రేవులోనే అనుకున్నాను.

ఒక అనుమానం. ఆఖరి పాదంలో పదే అక్షరాలు వచ్చాయి. పదకొండు లేవు. కానీ తాళం వేస్తే సరిపోతోంది. ఒకటి తగ్గినా పరవాలేదా?

పర్లాకిమిడి (నేను):
నీరు, నేర్పి, నట్టె, నేర్చు, కోవె. అయిదు గలాలు, పదిహేను మాత్రలు, నీ-కి నే యతి మైత్రి ఉంది. ఒక్క నగణం కూడా వాడలేదు కాబట్టి పది అక్షరాలే వచ్చాయి. పరవాలేదు కాదు చెల్లీ, ఇదే ఆటవెలది. పది అక్షరాలకు నువ్వు ఆగి ఈ అనుమానం అడిగావు చూడు, ఒడియా లెక్క నుంచి తెలుగు లెక్కలోకి ఆ ఒక్క అక్షరం దగ్గరే దాటావు.

రెండో పాదంలో "అడగండి" నుంచి "అడగవమ్మ"కు రావడం నాకు ఇంకా నచ్చింది. ముందు అది ఊరందరితో అన్న మాట, ఇప్పుడు ఒక మనిషితో అన్న మాట.

"ఒడ్డు రెండు గాని ఒక్కటే" దగ్గర మాస్టారు యడాగమం అడుగుతారు. "యొక్కటే" అని రాసినా యతి చెడదు. రాయకపోతే ఈ పద్యానికి పోయేదేం లేదని నా మాట. మాస్టారి మాట వేరే ఉండొచ్చు.

ఇచ్ఛాపురం తమ్ముడు:
భేష్. ఈసారి కారణం కూడా రాస్తున్నా: "నేర్పినట్టె" మీద. ముందు పద్యంలో మనమే నీటి మాట నేర్చుకోవాలి, నీరు ఊరికే ఉంది. ఇప్పుడు నీరే మేష్టారు అయింది. అన్నయ్యా, గణాలు నాకూ చెప్పండి. పదిహేను మాత్రల దాకా అర్థమయింది. ఇంద్రగణాల దగ్గర తల తిరిగింది.

బరంపురం మాస్టారు:
నా వేరే మాట: యడాగమం ఉండాలి. ఇది పద్యం కాదన్న ముక్క మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

"ఏటి" ఉంచెయ్యి తల్లీ. రెండు ఏటిలు యతిస్థానాల్లో ఎదురెదురుగా కూచున్నాయి, ఒకటి గ్రాంథికం ఒకటి మన వీధిది. ఆ సంగతి నేను దిద్దుతూ కూడా గమనించలేదు. మన గంజాం ఉపేంద్ర భంజ ఒక కావ్యమంతా ప్రతి పాదం "బ"తోనే మొదలుపెట్టాడు. అక్షరంతో ఆడుకోవడం నీకు బడిలోనే అబ్బినట్టుంది, దాన్ని పోగొట్టుకోకు.

తమ్ముడూ, ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. చెల్లి మొదటి పాదంలో భ, ర ఉన్నాయి, మూడో పాదంలో ర, త ఉన్నాయి. సగం ఆ పద్యంలోనే నేర్చుకోవచ్చు. మిగతా మూడిటికి మాటలు నువ్వే వెతికి ఇక్కడ పెట్టు.

ఆదివారానికి సమస్య ఇస్తున్నాను, ఆటవెలది ఆఖరి పాదం:

"కప్ప పెళ్ళి కెళ్ళె కాకిగుంపు"

వానలు లేక కప్పల పెళ్ళి చేస్తున్నారు కదా ఊళ్ళల్లో, ఆ దారినా పోవచ్చు, మరో దారినా పోవచ్చు. కాకులు కప్పని తినకుండా పెళ్ళికెందుకెళ్ళాయో మాత్రం తేల్చాలి. ఎవరి పూరణా నేను దిద్దను. తప్పున్న గణం కింద గీత గీస్తాను, అంతవరకే. గుణుపురం పూరణ వచ్చేదాకా మిగతావాళ్ళు ఆగండి.