మట్టి నగలకు మేళా స్టాల్ ముందా, వారపు సంత ముందా?

రాయగడ మట్టినగలు:
మాది ఒడిశాలోని రాయగడ. మట్టి జుంకాలు, పూసల దండలు చేస్తాను. ఇంతవరకు చుట్టుపక్కల వారికి, మా అమ్మాయి కాలేజీ స్నేహితురాళ్లకు అమ్మాను. ఈసారి మా ఊరి చైతి ఉత్సవంలో స్టాల్ తీసుకోవాలని ఉంది. మా వారు వద్దంటున్నారు. ముందు సంతలో కూర్చుని నాలుగు బేరాలు చూడు, తర్వాత మేళా అంటారు. మట్టి జుంకాకు సంతలో 120 రూపాయలు ఎవరిస్తారని నా వాదన. అనుభవం ఉన్నవారు చెప్పండి.

బరంపురం పిన్ని:
మీ వారి మాటే సరైనదమ్మా. లెక్క వేసి చూడు. స్టాల్ అద్దె 5,000 అనుకో. ఆటో, భోజనాలు, సాయానికి ఒక మనిషి కలిపి మరో 2,000. 120 రూపాయల జతలో రంగు, కొక్కేలు, అట్ట, కాల్పు ఖర్చు పోగా 70 మిగిలిందనుకుందాం. నూరు జతలు అమ్మితే పెట్టింది తిరిగొస్తుంది, అంతే. నూట ఒకటో జత నుంచే నీ సంపాదన. అందులోనూ నీ కూలి కలపలేదు. కొత్త మనిషివి, నూరు జతలు అమ్మగలవా? మా ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలోనే చూశాను, జనం ఇసుక వేస్తే రాలనంత ఉంటారు, కొనేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

జయపురం తీగపని:
పిన్ని గారూ, లెక్క బాగుంది కానీ సంతకు ఎవరు వస్తారో కూడా చూడాలి. ఉప్పు, ఎండుచేపలు, మేకపిల్లల కోసం వస్తారు. మీ జిల్లాలోని చాటికోన బుధవారం సంతనే తీసుకోండి. డోంగ్రియా కొంధు గిరిజన తెగ ఆడవాళ్లు తమ మెడ నిండా తాము గుచ్చుకున్న పూసలతోనే దిగుతారు. వాళ్లకు మన దండ ఎందుకు? చూడడానికి వచ్చే యాత్రికులు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. పక్కనే ప్లాస్టిక్ కమ్మలు 20కి అమ్ముతుంటే మీ 120 జతను 40కి అడుగుతారు. ఇవ్వకపోతే బోణీ ఉండదు. ఇచ్చారంటే అదే ఊళ్లో మళ్లీ 120 అనలేరు, నోటి మాట ముందే పాకిపోతుంది. మేళాకు వచ్చేవారు డబ్బు ఖర్చు పెట్టే మనసుతోనే బయలుదేరతారు. నా మాట వినండి, స్టాల్ తీసుకోండి.

పర్లాకిమిడి వాసి:
ఇద్దరూ సొంత డబ్బుతో ఒంటరిగా కూర్చోవడం గురించే మాట్లాడుతున్నారు. మహిళా సంఘంలో సభ్యురాలైతే పల్లీశ్రీ మేళా గురించి అడగండి, అది సంఘాల సరుకు కోసమే పెట్టేది. చేతివృత్తుల వారికి కేంద్రం ఇచ్చే పెహచాన్ కార్డుకు కూడా దరఖాస్తు పెట్టుకోండి. గాంధీ శిల్ప బజారు వంటి వాటికి వెళ్లాలంటే ముందు అడిగేది అదే. ఇవేవీ కుదరకపోతే మరొకరితో కలిసి సగం స్టాల్ తీసుకోండి. చీరలు, సంచులు అమ్మేవారితో కలవండి, నగలవారితో మాత్రం వద్దు.

ఇంకో మాట. పూసల దండలకు «డోంగ్రియా నగలు» అని బోర్డు రాయకండి. చేసింది మీరు, పేరు వాళ్లదా? ఇది నాకు బొత్తిగా నచ్చని అలవాటు.

బరంపురం పిన్ని:
సగం స్టాల్ అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ అద్దం మరిచిపోవద్దు. పెద్దది, ముఖం మొత్తం కనిపించేది, నిలబడిన మనిషి ఎత్తుకు కట్టాలి. చెవి దగ్గర పెట్టి చూసుకున్న జుంకాను కింద పెట్టడానికి ఆడవాళ్లకు చెయ్యి రాదు. సాయంత్రం స్టాల్ బల్బు వెలుగు పసుపు రంగులో ఉంటే నీలం నల్లగా, గులాబీ నారింజగా కనిపిస్తాయి. తెల్ల వెలుతురు దీపం ఒకటి ఇంటి నుంచి తెచ్చుకో. కొక్కేలు చవకవి వాడకు. చెవి దురద పెట్టిందంటే ఆ మనిషి మళ్లీ నీ దగ్గరకు రాదు, పది మందికి చెబుతుంది కూడా.

సరుకు తొందరపడి చేయకు. పచ్చి జుంకాను ఎండలో పెడితే పైన ఆరి, లోపల తడి ఉండి, కాల్చేటప్పుడు చీలుతుంది. నీడలోనే ఆరాలి. ఆరినకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది కాబట్టి కొక్కెం రంధ్రం కొంచెం పెద్దదిగా పెట్టు. మేళా తేదీ చూసుకుని వెనక్కి లెక్కవేసి మొదలుపెట్టు.

గుణుపురం దారం గాజులు:
రాయగడ ఎందుకు, శ్రీకాకుళం దగ్గరే కదా. మనవాళ్లే, భాష కూడా సమస్య కాదు. అక్కడి ప్రదర్శనలకు ఎవరైనా వెళ్లారా?

జయపురం తీగపని:
వెళ్లవచ్చు, కానీ సరిహద్దు దాటితే పన్ను నియమం మారుతుంది. ఒడిశాలోనే అమ్మితే ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. రాష్ట్రం దాటి అమ్మితే మామూలుగా మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. ప్రభుత్వ జాబితాలో ఉన్న చేతివృత్తుల సరుకుకు మాత్రం 20 లక్షల వరకు మినహాయింపు ఉంది. దానికి పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయాలి. సంచిలో జుంకాలు పెట్టుకుని బస్సెక్కేవారిలో ఎంతమందికి ఇది తెలుసో మరి!

బరంపురం పిన్ని:
చూశావా, అందుకే సొంత ఊరి సంత అన్నాను.

జయపురం తీగపని:
సొంత ఊరి మేళా అని నేనూ అన్నాను కదా పిన్నీ.

రాయగడ మట్టినగలు:
అందరికీ ధన్యవాదాలు. సంచులు కుట్టే స్నేహితురాలు ఒకరున్నారు, సగం స్టాల్‌కు ఒప్పుకున్నారు. మా వారు మాత్రం ఇంకా సంతే అంటున్నారు. రేపు బుధవారం ఒక డబ్బా జుంకాలిచ్చి ఆయన్నే చాటికోన పంపుతున్నాను.

బరంపురం పిన్ని:
పంపే ముందు ప్రతి అట్ట మీదా ధర రాసి అంటించు. మీ వారు మొహమాటానికి మొదటి బేరంలోనే సగానికి ఇచ్చేస్తారు.