పాదం కొలత: స్కానర్ నమ్మాలా, ప్లాస్టర్ అచ్చే మేలా?

మడమపోటు: పొద్దున లేచి కాలు కింద పెడితే మడమలో సూదులు. డాక్టరు ప్లాంటార్ ఫేషియైటిస్ (అరికాలి పట్టీ నొప్పి) అన్నారు. ఒక షాపులో పలక మీద నిలబెట్టి, రంగుల బొమ్మ చూపించి, ‘స్కాన్ అయింది, మీ పాదానికే సరిపోయేలా కస్టమ్ ఇన్‌సోల్ చేయించండి’ అంటున్నారు. తెలిసినాయనేమో ప్లాస్టర్ అచ్చు తప్ప ఏదీ నమ్మొద్దంటున్నాడు.

అచ్చులపని: ఆ రంగుల పలక ప్రెషర్ మ్యాట్ అండీ. బరువు ఎక్కడ ఎంత పడుతోందో చెబుతుంది, పాదం వంపు ఎత్తు చెప్పదు. దాన్ని చూసి ఇన్‌సోల్ చెక్కుతానంటే దండం పెట్టి వచ్చేయండి. త్రీడీ స్కానర్ వేరు, అది ఆకారం పట్టుకుంటుంది. దానికీ నా అభ్యంతరం ఉంది. నిలబడితే వంపు అణుగుతుంది, మడమ లోపలికి ఒరుగుతుంది, అడుగున కండ పరుచుకుంటుంది. అప్పుడు తీసిన స్కాన్‌లో ఒరిగిన పాదమే దిగుతుంది. మేం పేషెంటును పడుకోబెట్టి, చిటికెనవేలి మొదట్లో పట్టుకుని, చీలమండ కింది కీలును అటూ ఇటూ ఒరగకుండా న్యూట్రల్‌కి తెచ్చి, ప్లాస్టర్ గట్టిపడేదాకా కదలనివ్వం.

సీఎన్‌సీ శీను: పడుకోబెట్టి, పట్టుకునే స్కాన్ చేయొచ్చు కదన్నా! నిలబెట్టడం స్కానర్ తప్పా, మనిషి తప్పా? మీ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి, వంపు దగ్గర ఇంకాస్త ఎక్కించి, చెక్కుతారు. అదంతా చేతి అంచనాయే. ఎంత ఎక్కించారో రాసిపెడతారా? నేను కంప్యూటర్ మెషీన్‌తో చెక్కిస్తాను, నా ఫైల్లో ప్రతి మార్పూ మిల్లీమీటర్లలో ఉంటుంది.

అచ్చులపని: రాయం. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పట్టుకునే చెయ్యి స్కానర్‌కి అడ్డం రాకుండా చూపించు తమ్ముడూ, అప్పుడు మాట్లాడదాం.

లెక్కచూపు: అసలు మడమనొప్పికి కస్టమ్ అవసరమా? 2006లో ఆస్ట్రేలియావాళ్ల అధ్యయనం వచ్చింది. 135 మందిలో కొందరికి కస్టమ్, కొందరికి రెడీమేడ్, కొందరికి ఉత్తుత్తి మెత్తటి ఇన్‌సోల్ ఇచ్చారు. 3 నెలలకు మొదటి రెండు గుంపుల్లో నడక కాస్త మెరుగైంది, రెండూ దాదాపు సమానం. 12 నెలలకు మూడింటికీ తేడా లేదు. ముందు రెడీమేడ్ కొనుక్కోండి, పిక్కలు సాగదీసే వ్యాయామం చేయండి.

పెద్దకూతురు: అందరికీ రెడీమేడ్ అనకండి. మా నాన్నగారికి షుగర్, పాదాలకు స్పర్శ లేదు, వేళ్లు వంకర తిరిగాయి. పుండు పడినా ఆయనకు తెలీదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, అదే మోనోఫిలమెంట్‌తో అరికాలు నొక్కి చూశాకే మెత్తటి రబ్బరు అట్ట ఉండే ఎంసీఆర్ చెప్పులు రాశారు. స్పర్శ ఉందో లేదో ఏ స్కానరూ చెప్పదు.

మడమపోటు: నాకు షుగర్ లేదండీ. రెడీమేడ్ తెచ్చుకుంటాను. శీను గారూ, ఆ పడుకోబెట్టి తీసే స్కాన్ వీడియో ఉంటే పెట్టండి.