అప్‌డేట్: నల్లరేగడి నేలలో తీసిపెట్టే వాలీబాల్ స్తంభాలు

నెట్ బిగించగానే స్తంభాలు లోపలికి వంగుతున్నాయని, ఆట అయ్యాక తీసేలా ఎలా పాతాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు చెప్పిన స్లీవ్ పద్ధతే (నేలలో పాతిన పెద్ద పైపులోకి స్తంభం దింపడం) పెట్టాం, గట్టిగా నిలబడింది.

స్తంభం 65 ఎన్‌బీ (పైపు సైజు పేరు) జీఐ, అంటే జింకు పూత ఇనుప పైపు (బయటి వ్యాసం 76 ఎంఎం), పొడవు 3.3 మీటర్లు. స్లీవ్ 80 ఎన్‌బీ మీడియం (మధ్యరకం మందం), పొడవు 80 సెం.మీ. స్లీవ్ అడుగు నుంచి 5 సెం.మీ. పైన 12 ఎంఎం రాడ్ అడ్డంగా వెల్డింగ్ చేయించాం. స్తంభం దానిమీద ఆగుతుంది, నీళ్లు కిందికి పోతాయి. స్లీవ్‌లోకి దిగే 75 సెం.మీ. పోగా నేలపైన 2.55 మీటర్లు మిగులుతుంది.

గుంత 60×60 సెం.మీ., లోతు 90 సెం.మీ. అడుగున 15 సెం.మీ. కంకర. అసలు కిటుకు ఇక్కడుంది: స్లీవ్‌ను కంకరలోకి 5 సెం.మీ. దించి, చుట్టూ కంకరమీద పాలిథిన్ పరవాలి. లేకపోతే సిమెంటు పాలు కంకరలోకి దిగి గడ్డకడతాయి, వానాకాలం నీరు స్లీవ్‌లోనే నిలిచి పైపు తుప్పు పడుతుంది.

కాంక్రీటు 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర), గుంతకు సుమారు 2 బస్తాల సిమెంటు. నేలమట్టానికి 8 సెం.మీ. కిందే ఆపి పైన మట్టి కప్పాం. పిల్లలు డైవ్ కొట్టే చోటు కదా. పోసేటప్పుడు స్తంభం లోపలే ఉంచి తూకపు గుండు (దారానికి కట్టిన బరువు) వేసి వాలు చూడాలి, గట్టిపడుతుండగా తిప్పి తీసేయాలి.

పైపుల మధ్య సందు దాదాపు 5 ఎంఎం. దానివల్లే స్తంభం కొస సుమారు ఒకటిన్నర సెం.మీ. లోపలికి వాలుతుంది. అందుకే స్లీవ్‌నే ఆ మేరకు బయటికి వాల్చి పోయించాం. ఆట లేనప్పుడు స్లీవ్‌కు మూత తప్పనిసరి.