మార్కెట్ టౌన్ అంటే సంత ఊరా, అంగడా, పేటా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఉంటున్న ఊళ్ళో ఒక పెద్దావిడ తన చిన్ననాటి సంగతులు రాసుకున్న కాగితాలు ఇచ్చారు. 1950ల నాటి కొట్లు, బుధవారం సంత, గాజు సీసాల్లోంచి పావుకిలో తూచి ఇచ్చే బిళ్ళలు, ఇలాంటివి. తెలుగు చేద్దామని కూర్చుని మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. "మార్కెట్ టౌన్"ని ఏమనాలి? "విపణి పట్టణం" అని రాస్తే నాకే నవ్వొచ్చింది. ఐరన్‌మాంగర్, డ్రేపర్, హేబర్డాషర్, గ్రోసర్, చాండ్లర్ అని ఇంకో వరస ఉంది. అందరినీ "దుకాణదారు" అనేసి చేతులు దులుపుకోవచ్చా?

సిద్దిపేట నుంచి:
మా దిక్కు అంగడి అంటే వారానికోసారి కూడేది. "అంగడి ఊరు" అనండి, సరిపోతుంది.

మదనపల్లె నుంచి:
మాకు అంగడి అంటే కొట్టు. ఉప్పు, చింతపండు అమ్మే అంగడి రోజూ తెరిచే ఉంటుంది. వారానికోసారి జరిగేది సంత. "అంగడి ఊరు" అని చదివితే మా వాళ్ళు కొట్లున్న ఊరు అనుకుంటారు. అంగడి లేని ఊరెక్కడుంది?

ఇంగ్లండ్ నుంచి:
మీరిద్దరూ చెప్పిన రెండు అర్థాలూ ఈ ఊళ్ళలో ఒకదాని వెనక ఒకటి వచ్చినవే. ముందు సంత, తర్వాత కొట్లు.

మధ్యయుగాల్లో ఇక్కడ సంత పెట్టుకోవాలంటే రాజుగారి పత్రం కావాలి. వారంలో ఏ రోజో కూడా సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. ష్రాప్‌షైర్‌లోని మార్కెట్ డ్రేటన్‌కి మూడో హెన్రీ రాజు 1245లో బుధవారం సంత ఇచ్చాడు. ఈనాటికీ అక్కడ బుధవారమే. పక్క ఊరివాళ్ళు పోటీగా ఇంకోటి మొదలుపెడితే తగువు కోర్టుకెక్కేది. ఎంత దూరంలో పెడితే పోటీ అవుతుందో తేల్చడానికి, 13వ శతాబ్దపు న్యాయకోవిదుడు బ్రాక్టన్ పేరు మీద ఒక ముచ్చటైన లెక్క ఉంది. మనిషి ఒక రోజులో 20 మైళ్ళు నడుస్తాడు. రోజులో ఒక వంతు పోవడానికి, ఒక వంతు బేరానికి, ఒక వంతు పొద్దుగూకే లోపు ఇల్లు చేరడానికి. అంటే సంతకీ సంతకీ మధ్య 6 మైళ్ళ చిల్లర ఎడం ఉండాలి. ఇక్కడి పాత ఊళ్ళ మధ్య బస్సులో పోతుంటే ఇప్పటికీ ఇంచుమించు అంత దూరానికో చౌకు, ఒక రాతి స్తంభం, చుట్టూ కొట్లు కనిపిస్తాయి.

ఆ హక్కు ఎంత గట్టిదంటే, చాలాకాలంగా నడుస్తున్న సంతలో పొద్దు పొడిచాక, పొద్దుగూకకముందు, నలుగురి ఎదుట నిజాయతీగా కొన్న వస్తువు దొంగసొత్తని తర్వాత తేలినా కొన్నవాడిదే. అసలు యజమాని వచ్చి అడిగినా చెల్లదు. ఈ వింత రూలు తీసేస్తూ చట్టం వచ్చింది 1994లో, అంటే నిన్న గాక మొన్న.

కాబట్టి నా ఓటు "సంత ఊరు"కే. సిద్దిపేట వారు ఏమీ అనుకోకండి. మీ మాట తప్పని కాదు, చదివేవాళ్ళలో సగం మంది దాన్ని కొట్టుగా అర్థం చేసుకుంటారనే. "పేట" కూడా నాకు ఇష్టమే. కోట బయట వర్తకులు కుదురుకున్న చోటు అనే వాసన దానికుంది, ఆంగ్లో ఇండియన్ ఇంగ్లీషులోకి "పెట్టా" అని ఎక్కింది కూడా. కానీ పేటలో వారం లేదు. ఆ పెద్దావిడ జ్ఞాపకంలో వారమే ముఖ్యం.

ఊరి పేర్లలోనూ సంత దాక్కుని ఉంటుంది. చిప్పింగ్ నార్టన్, చిప్పింగ్ కాంప్‌డెన్, చిప్పింగ్ సాడ్‌బరీ అని వింటాం. ఆ చిప్పింగ్ పాత ఇంగ్లీషులో సంతకు ఉన్న మాట. లండన్‌లోని చీప్‌సైడ్‌ది కూడా అదే వంశం. చవక అనే అర్థంలో వాడే "చీప్" కూడా అక్కణ్ణుంచి వచ్చిందే, మొదట్లో దానికి బేరం అనే అర్థం. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ పేరు మొదటి సగంలో ఉన్నదీ ఆ చుట్టమే. చిప్పింగ్ కాంప్‌డెన్‌లో 1627లో కట్టిన సంత చావడి ఇంకా ఉంది. నాలుగు వైపులా కమానులు, అరిగిపోయిన రాతి నేల, వెన్న, జున్ను, కోళ్ళు అమ్ముకునేవాళ్ళకి నీడ. దాన్ని మాత్రం "చావడి" అనే రాయండి, "హాలు" వద్దు.

మదనపల్లె నుంచి:
చావడి బాగుంది. మరి ఆ కొట్ల వరస సంగతి?

ఇంగ్లండ్ నుంచి:
వస్తున్నా. "మాంగర్" అంటే అమ్మేవాడు. లాటిన్‌లో వర్తకుడిని "మాంగో" అనేవారు, కాస్త మోసకారి అనే ఛాయతో. మామిడికీ దానికీ సంబంధం లేదు, పండు పేరు మన దక్షిణాది నుంచే వాళ్ళకి పోయింది. ఐరన్‌మాంగర్, ఫిష్‌మాంగర్, చీజ్‌మాంగర్ మర్యాదస్థులే. ఆ తోక ఇప్పుడు కొత్తగా తగిలేది యుద్ధాలు, పుకార్లు, భయాలు అమ్మేవాళ్ళకే. ఐరన్‌మాంగర్‌ని "ఇనుప సామాన్ల కొట్టాయన" అనండి. "హార్డ్‌వేర్ షాపు" అంటే వాక్యం 1950ల నుంచి జారిపోతుంది. అక్కడ మేకులు లెక్కపెట్టి కాదు, తూచి కాగితంలో పొట్లం కట్టేవారు.

గ్రోసర్ మొదట్లో టోకు వ్యాపారి, గంపగుత్తగా అమ్మేవాడు. లండన్‌లో ఆ సంఘంవాళ్ళు అంతకుముందు మిరియాల వర్తకులు. కాబట్టి "పచారీ కొట్టు"ని మించిన మాట లేదు. అది కూడా మొదట సుగంధ ద్రవ్యాలు, మందు దినుసుల కొట్టే కదా. డ్రేపర్ అంటే "జౌళి కొట్టు". హేబర్డాషర్ దగ్గర బొత్తాలు, రిబ్బన్లు, లేసులు, సూదులు, దారపు ఉండలు దొరుకుతాయి. మన ఊళ్ళో అది అచ్చంగా "ఫ్యాన్సీ కొట్టు". నిఘంటువుల్లో దానికి ఇచ్చే "చిల్లర సామాన్లు అమ్మువాడు" చూసి మోసపోకండి. చాండ్లర్ కొవ్వొత్తుల మనిషి, తర్వాత తర్వాత సబ్బు, నూనె, చీపుళ్ళ దాకా పోయాడు. ఒక్క మాట దొరకదు, ఏం అమ్మాడో అదే రాసేయండి.

జౌళి కొట్టు గురించి ఆవిడ తీగల మీద పరుగెత్తే డబ్బు డబ్బా సంగతి రాశారా? రాయకపోతే అడిగి రాయించండి. గుడ్డ కొలిచి చింపే అమ్మాయికి చిల్లర ఇచ్చే అధికారం ఉండదు. నోటు, బిల్లు చిన్న డబ్బాలో పెట్టి స్ప్రింగు లాగితే అది కొట్టు పైకప్పు కింద తీగ మీద జుయ్యిమని మూల గదిలోని కేషియర్ దగ్గరికి పోతుంది. చిల్లరతో తిరిగి వస్తుంది. ఇక్కడి పెద్దవాళ్ళలో ఎవరిని కదిపినా బట్టల సంగతి మరిచిపోతారు, ఆ డబ్బా చప్పుడు మాత్రం నోటితో చేసి చూపిస్తారు. కోఆపరేటివ్ కొట్టు సంగతీ అంతే. 1844లో రాచ్‌డేల్ నేతపనివాళ్ళు, ఇంకొందరు కలిసి వెన్న, పంచదార, పిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులతో తెరిచిన కొట్టు నుంచి పుట్టిన పద్ధతి అది. ఎంత కొంటే లాభంలో అంత వాటా. అమ్మ పంపితే రొట్టెకి పోయిన పిల్లలు సభ్యత్వం నంబరు చెప్పాలి. డెబ్బై ఏళ్ళు గడిచాక కూడా ఆ నంబరు తడుముకోకుండా చెప్పేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళకే నిన్న ఫోన్ ఎక్కడ పెట్టారో గుర్తుండదు.

బందరు నుంచి:
జౌళి మాట వచ్చింది కాబట్టి మా ఊరిని తలవక తప్పదు. ఆ డ్రేపర్ కొట్లలో కర్టెన్లకి అమ్మే పువ్వుల గుడ్డ "చింట్జ్". హిందీ ఛీంట్ నుంచి పోయిన మాట. ఈస్టిండియా కంపెనీ 1611లోనే బందరులో గిడ్డంగి పెట్టింది. మా అద్దకాలు అక్కడి ఆడవాళ్ళకి ఎంత నచ్చాయంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెడుతున్నారని 1700లో ఒకటి, 1721లో ఇంకోటి చట్టాలు చేసి అద్దకపు నూలు గుడ్డని ఆపారు. తర్వాత వాళ్ళే మిల్లుల్లో వేసుకున్నారు. ఇప్పుడు ఇంగ్లీషులో "చింట్జీ" అంటే నాసిరకం, అభిరుచి లేనిది అట! మా గుడ్డని పట్టుకుని.

గిడ్డంగి అన్నాను కదా, "గోడౌన్" మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులోకి పోయింది. మలయ్‌లోకి అది మన తెలుగు, తమిళాల నుంచి పోయిందని చెబుతారు.

అడిగినవారు:
బందరు వారి కోపం న్యాయమే. ఇంకో నాలుగు చోట్ల ఇరుక్కున్నాను. "బేకర్స్ డజన్", "హ్యాండ్‌సెల్", "ఆన్ టిక్", "అర్లీ క్లోజింగ్".

ఇంగ్లండ్ నుంచి:
వీటికి నిఘంటువు తీయక్కర్లేదు, మీ వీధి చివర కొట్లో అన్నీ ఉన్నాయి.

బేకర్స్ డజన్ అంటే 13. రొట్టె తూకం తగ్గితే శిక్ష వేసే చట్టం 13వ శతాబ్దం నుంచీ ఉంది. ఎందుకొచ్చిన టెన్షన్ అని రొట్టెలవాడు డజనుకి ఒకటి ఎక్కువ వేసేవాడట. అది "కొసరు". మనవాడు ప్రేమగా వేస్తాడు, వాడు జరిమానాకి భయపడి వేశాడు, అంతే తేడా. హ్యాండ్‌సెల్ అచ్చంగా "బోణీ". పొద్దున్నే చేతికొచ్చిన మొదటి నాణెం మీద అదృష్టం కోసం ఉమ్మేవాళ్ళు కూడా ఉండేవారు. మనం కళ్ళకద్దుకుంటాం. ఆన్ టిక్ అంటే "పద్దు". ఇక్కడి పాత కొట్లలో ఒక బోర్డు ఉండేది, దయచేసి అప్పు అడగవద్దు, కాదంటే తరచూ నొచ్చుకుంటారు అని. మన "అప్పు రేపు" ముందు అది వ్యాసంలా ఉంటుంది.

అర్లీ క్లోజింగ్‌కి మాత్రం "ఒంటిపూట" వాడితే చాలా అందంగా కుదురుతుంది. కొట్లలో పనిచేసే పిల్లలకి ఊపిరాడాలని, 1912 చట్టం ప్రకారం వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కొట్లు కట్టేయాల్సి ఉండేది. ఒక ఊళ్ళో బుధవారం, ఇంకో ఊళ్ళో గురువారం. "గురువారం ఒంటిపూట" అని రాస్తే మనవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

ఒకచోట మాత్రం సరిదిద్దాలి. మీరు బిళ్ళలు "పావుకిలో" అన్నారు. 1950ల ఇంగ్లండ్‌లో కిలో ఎక్కడిది? ఆవిడ రాసింది "క్వార్టర్" అయితే అది పావు పౌండు, అంటే 113 గ్రాములు. చిన్నపిల్ల చేతిలో పావుకిలో బిళ్ళలు పెడితే కథే మారిపోతుంది. పైగా 1953 ఫిబ్రవరి దాకా మిఠాయిలకి రేషన్. సీసాలు కళ్ళెదుటే వరసగా కనిపిస్తున్నా కూపన్ లేకపోతే దక్కవు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని రాయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

సిద్దిపేట నుంచి:
చూసిండ్రా, చివరికి అంగడే గెలిచింది. అది సరే, అంత బాగున్న కొట్లు ఏమైనయి?

ఇంగ్లండ్ నుంచి:
గెలుపు మీదే. కొట్లది పెద్ద కథ, ముక్తసరిగా చెబుతాను. 1964 దాకా చాలా సరుకులకి ధర తయారీదారే నిర్ణయించేవాడు, చిన్న కొట్టయినా పెద్ద కొట్టయినా అదే రేటు. ఆ ఏడాది చట్టంతో ఆ అడ్డు తొలగింది, సూపర్‌మార్కెట్లు రేట్లు కోశాయి. కార్లు వచ్చాయి, ఊరి బయట పార్కింగ్ వచ్చింది. 1909లో లివర్‌పూల్‌లో మొదలైన వుల్‌వర్త్స్ అనే గొలుసు కొట్ల సంస్థ ఒకప్పుడు చిన్న కొట్లని మింగుతోందని తిట్టించుకుంది. 2009 జనవరిలో అది మూతపడితే ఊళ్ళకి ఊళ్ళే తమ ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డాయి. జ్ఞాపకానికి న్యాయం చూసే అలవాటు లేదు. ఆ తీపిలో పాదరక్షల కొట్లో పన్నెండు గంటలు నిలబడి కాళ్ళు వాచిన అమ్మాయి కనబడదు, అప్పు పుట్టక వెనక్కి తిరిగిన తల్లి కనబడదు. మీ పెద్దావిడ వాళ్ళ గురించి ఒక్క ముక్క రాసి ఉన్నా దయచేసి వదిలేయకండి.

పోయేవి పోతాయని ముందే పసిగట్టిన వాడొకడున్నాడు. యార్క్‌షైర్‌లో పికరింగ్ అనే సంత ఊరి డాక్టరు జాన్ కిర్క్. ఫీజు ఇవ్వలేని రోగుల దగ్గర ఒక్కోసారి పాత వస్తువులు తీసుకునేవాడట. కొట్ల ముఖభాగాలు, తక్కెళ్ళు, సీసాలు పోగేసి 1938లో యార్క్‌లోని ఒకప్పటి ఆడవాళ్ళ జైల్లో ఒక వీధినే మ్యూజియంగా నిలబెట్టాడు.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మొదటి వాక్యం ఇలా రాశాను, చూడండి: "మాది సంత ఊరు. బుధవారం వస్తే చౌకులో కాలు పెట్టే సందుండదు, గురువారం ఒంటిపూట. నాన్న పద్దు తీర్చాక పచారీ కొట్టాయన నా చేతిలో కొసరుగా ఒక బిళ్ళ పెట్టేవాడు. పావు పౌను కొనాలంటే ఆరు పైసలు కావాలి."

మదనపల్లె నుంచి:
బ్రహ్మాండం. "పౌను" మాత్రం మార్చండి. మాకు పౌను అంటే బంగారం, మా అవ్వ వింటే పావు పౌను ఆరు పైసలకి ఎక్కడ దొరుకుతుందో చెప్పమని కూర్చుంటుంది.

ఇంగ్లండ్ నుంచి:
తూకానికి "పౌండు" అనే ఉంచి, పైసలని పెన్నీలు చేయండి. అప్పట్లో షిల్లింగుకి 12 పెన్నీలు, పౌండుకి 20 షిల్లింగులు, 1971 ఫిబ్రవరి 15 దాకా అదే లెక్క. మన అణాకి 12 పైలు ఉన్నట్టే, మనం 1957లో వదిలించుకున్నాం. అందుకని "అణా" అని రాయాలనిపిస్తుంది, చెయ్యి ఆపుకోండి. అణా రాగానే కొట్లో కూర్చున్న మనిషి పంచె కట్టుకుంటాడు.